భౌతిక మార్పా, రసాయనిక మార్పా? వంటింటి సామానుతో తేల్చుకునే పద్ధతి

దిష్టి తీయడానికి కలిపే ఎర్రనీళ్లు మన ఇళ్లలో అందరికీ తెలుసు. నీళ్లలో చిటికెడు పసుపు, తమలపాకుకు రాసే సున్నం కాస్త వేసి కలిపితే నీళ్లు ఎర్రబడతాయి. అందులో ఒక నిమ్మచెక్క పిండి చూడండి. ఎరుపు పోయి మళ్లీ పసుపుపచ్చ రంగు వచ్చేస్తుంది. ఇది ఏ మార్పు అని బడికెళ్లే పిల్లల్ని అడిగితే చాలామంది "తిరిగి వచ్చింది కదా, భౌతిక మార్పు" అంటారు. తిరిగి వస్తే భౌతికం, రాకపోతే రసాయనికం అని వాళ్ల చేత బట్టీ పట్టించింది మనమే. కానీ ఎర్రనీళ్లలో జరిగింది రసాయనిక మార్పు. గుడిలో కొట్టిన కొబ్బరికాయ మళ్లీ అతుక్కోదు, అయినా అది భౌతిక మార్పే. రోజూ కళ్ల ముందు జరిగే ఈ రెండింటి దగ్గరే తప్పిపోయే సూత్రాన్ని నమ్ముకోవడం ఎందుకు?

దాని బదులు ఒక ప్రశ్న పట్టుకోండి. మార్పు జరిగాక గిన్నెలో ఉన్నది మొదట వేసిన పదార్థమేనా, లేక ఇంకో పదార్థమా? అదే పదార్థం ఆకారమో, పరిమాణమో, ఘన ద్రవ వాయు స్థితుల్లో ఒకటో మార్చుకుంటే భౌతిక మార్పు. పరమాణువులు ఒకదాన్నొకటి వదిలి వేరే జతలు కట్టి కొత్త పదార్థం పుడితే రసాయనిక మార్పు. ఈ నిర్వచనం పుస్తకాల్లోనూ ఉంది. అయితే కొత్త పదార్థం పుట్టిందని తెలిసేదెలా? చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇక్కడ చెప్పబోయే పద్ధతి దానికోసమే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పసుపు, నిమ్మకాయలు, వంట సోడా, పంచదార, ఉప్పు, తాంబూలం సున్నం, రెండు కర్పూరం బిళ్లలు, గాజు గ్లాసులు, ఒక స్ట్రా, తెల్ల కాగితాలు తీసుకోండి. గ్రాములు చూపే చిన్న తూకం ఉంటే మరీ మంచిది. వీటితో ముందు రోజే రెండు వస్తువులు తయారు చేసిపెట్టుకోవాలి.

మొదటిది పసుపు కాగితం. చెంచాడు పసుపును కొద్ది నీళ్లలో కలిపి, తెల్ల కాగితాన్ని అందులో ముంచి, నీడన ఆరబెట్టి, వేలెడు ముక్కలుగా కత్తిరించండి. ఎండలో ఆరబెట్టొద్దు, పసుపు రంగు వెలిసిపోతుంది. సబ్బు నీళ్లు, సున్నం, చాకలి సోడా లాంటి క్షారాలు తగిలితే ఈ కాగితం ఎర్రబడుతుంది. ఆమ్లం తగిలితే పచ్చగానే ఉంటుంది.

రెండోది సున్నపు తేట. గ్లాసు నీళ్లలో పావు చెంచా సున్నం బాగా కలిపి, మూతపెట్టి, రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి సున్నం అడుగుకు దిగి పైన నీళ్లు తేటపడతాయి. ఆ తేటను నెమ్మదిగా సీసాలోకి వంచుకుని మూత బిగించండి. బిగించకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దాన్ని కలిసి పైన తెల్లటి పొర కడుతుంది, పరీక్షకు పనికిరాదు.

జాగ్రత్తలు కూడా ఇప్పుడే చెబుతాను. సున్నం కంట్లో పడితే కన్నే పోవచ్చు. అందుకని కలిపేటప్పుడు ముఖం దూరంగా పెట్టండి, పొడి సున్నం గడ్డల జోలికి పిల్లల్ని అసలు పోనివ్వకండి. సోడా, నిమ్మరసం కలిపిన సీసాకు మూత బిగించకండి, లోపల వాయువు పెరిగి పగులుతుంది. ఏమవుతుందో చూద్దామని బ్లీచింగ్ పౌడర్‌లో బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ఎప్పుడూ కలపకండి. దాంట్లోంచి వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

మొదటి మెట్టు: మార్పుకు ముందే పదార్థం గుణాలు రాసిపెట్టుకోండి

దొంగ దొరికాక ఆనవాలు పట్టాలంటే, ముందే అతని పోలికలు తెలిసి ఉండాలి. పదార్థమూ అంతే. మార్పుకు ముందు దాని గుణాలు తెలియకపోతే, మార్పు తర్వాత ఉన్నది అదేనో కాదో ఎలా చెప్పగలం?

గుణాలను రెండు వరుసల్లో రాయండి. పదార్థాన్ని పోగొట్టుకోకుండా తెలుసుకోగలిగినవి భౌతిక ధర్మాలు. రంగు, వాసన, గట్టితనం, సాంద్రత, ఎంత వేడికి కరుగుతుంది, ఎంత వేడికి మరుగుతుంది, నీళ్లలో కరుగుతుందా, విద్యుత్తును ప్రవహింపజేస్తుందా, ఇవన్నీ ఆ వరుసలోకి వస్తాయి. పదార్థంలో కొంతైనా వేరేదిగా మారితే తప్ప తెలియనివి రసాయన ధర్మాలు. మండుతుందా, తుప్పు పడుతుందా, ఆమ్లం తగిలితే ఏమవుతుంది, గాలికి నల్లబడుతుందా అన్నవి రెండో వరుస.

ఈ తేడా చూడాలంటే బంగారం దుకాణంలో గీటురాయి దగ్గర నిలబడండి. నగను రాతి మీద గీసి, ఆ గీత రంగును మేలిమి గీతతో పోల్చి చూస్తారు. అది భౌతిక ధర్మం. రాతి మీద అంటుకున్నది ఇంకా అదే లోహం. తర్వాత ఆ గీత మీద ఆమ్లం చుక్క వేస్తారు. రాగి ఎక్కువ కలిసిన గీత కరిగి పలచబడుతుంది, మేలిమి గీత చెక్కుచెదరదు. ఇది రసాయన ధర్మం. పిల్లలు పొరబడే చోటు ఇక్కడొకటి ఉంది. బంగారం ఆ ఆమ్లానికి లొంగకపోవడం కూడా రసాయన ధర్మమే. చర్య జరపడమే కాదు, జరపకపోవడమూ పదార్థం స్వభావంలో భాగమే. ఇక సాంద్రత చూస్తే బంగారం ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు, రాగి 9 గ్రాముల లోపు. కాబట్టి గీయకుండా, ఆమ్లం వేయకుండా, నగను గాలిలో ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి తూచి కూడా కల్తీని అనుమానించవచ్చు. నగకు ఏమీ కాదు.

ఇంట్లోనే చూడాలనుకుంటే నేల చూడండి. కడప బండ, తాండూరు బండ సున్నపురాయి జాతివి. గ్రానైట్ వేరు. చూపుకు రెండూ నున్నగా, గట్టిగానే ఉంటాయి. ఎక్కడైనా మూలన, పనికిరాని ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి అరగంట వదిలేయండి. కడప బండ మీద మెరుపు పోయి మచ్చ పడుతుంది, గ్రానైట్ మీద తుడిస్తే పోతుంది. వంటింటి గట్టుకు కడప బండ వేయించుకున్నవాళ్లు చింతపులుసు ఒలికితే వెంటనే తుడవడం ఇందుకే. ఆ మచ్చ రాతి పైనున్న మురికి కాదు, రాయే అక్కడ కొంచెం ఆమ్లంతో చర్య జరిపి పోయింది. అందుకే ఎంత తోమినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే.

రెండో మెట్టు: ఒక పనిని అందులోని దశలుగా విడదీయండి

"వంట చేయడం ఏ మార్పు?" అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు, ఎందుకంటే అది ఒక మార్పు కాదు. ఒకదాని వెనక ఒకటి జరిగే చాలా మార్పులను కలిపి మనం ఒకే పేరుతో పిలుస్తాం. తప్పు జవాబుల్లో సగం ఈ తొందరపాటు వల్లే వస్తాయని నా నమ్మకం. ఇడ్లీనే తీసుకోండి. పప్పు నానడం, రుబ్బడం భౌతికం. రాత్రంతా పిండి పులిసి పొంగడం రసాయనికం, సూక్ష్మజీవులు పిండిలోని చక్కెరలను ఆమ్లంగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. ఇడ్లీ పాత్ర అడుగున నీళ్లు ఆవిరి కావడం మళ్లీ భౌతికం. గ్యాస్ సిలిండర్‌లో ఒత్తిడి మీద ద్రవంగా ఉన్నది బయటికి వాయువుగా రావడం భౌతికం, పొయ్యి మీద మండడం రసాయనికం.

దీన్ని పాకం పడుతూ నేర్చుకుంటే ఇక మరిచిపోరు. గిన్నెలో పంచదార, అది మునిగేంత నీళ్లు పోసి సన్నని సెగ మీద పెట్టండి. ఒక్కో దశలో ఆగి, గిన్నెలో ఇప్పుడేముంది అని అడగండి.

పంచదార నీళ్లలో కరిగింది. రుచి చూస్తే తీపి, అంటే పంచదార ఉంది. మరుగుతోంది, నీరు ఆవిరిగా పోతోంది. చల్లని పళ్లెం పైన పట్టుకుంటే నీటి చుక్కలు పడతాయి, వాటికి తీపి ఉండదు. పోతున్నది నీరు, మిగులుతున్నది పంచదార. ఇంకాసేపటికి తీగ పాకం, తర్వాత ఉండ పాకం. నీళ్లు తగ్గేకొద్దీ పాకం మరిగే వేడి 100 డిగ్రీలు దాటి మెల్లగా పెరుగుతుంది. ఉండ పాకం దగ్గర అది 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూస్తారు కదా, అది పాకం చిక్కదనాన్ని చూసే పరీక్ష. చిక్కదనం భౌతిక ధర్మం. అరిసెలకు బెల్లం పాకం ముదిరిపోయిందని తెలిసిన వెంటనే కాసిని నీళ్లు చల్లి మళ్లీ లేత పాకానికి తెచ్చుకోగలగడానికి కారణం కూడా అదే, పోయింది నీళ్లే, పోసిందీ నీళ్లే. గవ్వల మీద పంచదార పాకం ఆరి తెల్లగా పూత కడితే అది పంచదార తిరిగి స్ఫటికంగా మారడం. ఇంతవరకూ జరిగిందంతా దాదాపుగా భౌతికమే.

ఇప్పుడు దించకుండా అలాగే వదిలేయండి, పక్కనే నిలబడి చూడండి. నీరు పూర్తిగా పోయాక వేడి గబగబా పెరుగుతుంది. 160 డిగ్రీలు దాటాక అంచుల దగ్గర గోధుమ రంగు మొదలవుతుంది, కమ్మని వాసన వస్తుంది, తర్వాత ముదురు రంగు, చేదు, చివరకు నల్లటి మాడు. పంచదార అణువులో 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ఆ వేడికి అణువులు నీటిని విడిచి, విరిగి, ఒకదానితో ఒకటి కలిసి అనేక కొత్త పదార్థాలవుతాయి. ఇప్పుడు నీళ్లు పోస్తే రంగు పలచబడుతుందే గానీ తెల్ల పంచదార రాదు. మాడు నీళ్లలో కరగనే కరగదు. ఒకే గిన్నె, ఒకే పొయ్యి, ఒకే పదార్థం. భౌతికం ఎక్కడ ముగిసి రసాయనికం ఎక్కడ మొదలైందో కంటితో చూపించగల పని ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ పాకం మీద పడితే మరిగే నీటికన్నా దారుణంగా కాలుస్తుంది. పిల్లలు చూడవచ్చు, గరిటె మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి.

మూడో మెట్టు: ఆనవాళ్లు చూడండి, కానీ తీర్పు చెప్పకండి

రంగు మారడం, బుడగలు రావడం, వేడెక్కడం లేదా చల్లబడడం, కొత్త వాసన, తేట నీటిలో గడ్డో మడ్డో కట్టడం. రసాయనిక మార్పుకు ఇవి గుర్తులని పాఠాల్లో చెబుతారు. నిజమే. అయితే వీటిలో ప్రతిదీ భౌతిక మార్పులోనూ కనిపిస్తుంది. అందుకని వీటిని అనుమానం దాకే ఉంచుకోండి.

బుడగలు చూడండి. నీళ్లు వేడెక్కుతున్నప్పుడు మొదట గిన్నె గోడలకు అంటుకుని వచ్చే చిన్న బుడగలు నీటిలో కరిగిన గాలి. తర్వాత అడుగునుంచి కుతకుతలాడుతూ వచ్చేవి నీటి ఆవిరి. రెండూ భౌతికమే. గోలీ సోడా గోలీ నొక్కగానే పొంగేది అంతకుముందే ఒత్తిడితో నీళ్లలో కరిగించిన కార్బన్ డయాక్సైడ్. వంట సోడా మీద నిమ్మరసం పిండినప్పుడు బుసబుసలాడేది కూడా కార్బన్ డయాక్సైడే. కానీ ఆ వాయువు అంతకుముందు నిమ్మరసంలోనూ లేదు, సోడా పొడిలో వాయువుగానూ లేదు. అప్పుడే పుట్టింది. వాయువు ఒకటే, మార్పులు వేరు. కాబట్టి "బుడగలొచ్చాయా?" అని కాదు, "ఈ బుడగలోనిది ఇంతకుముందు ఎక్కడ, ఏ రూపంలో ఉంది?" అని అడగాలి.

రంగు కూడా అంతే. తడిసిన చొక్కా ముదురు రంగులో కనిపిస్తుంది, ఆరగానే మామూలే. వంకాయ కోసి బయట వదిలేస్తే ముక్క నల్లబడుతుంది, కడిగినా తెల్లబడదు. గాలిలోని ఆక్సిజన్ వంకాయలోని పదార్థాలతో కలిసింది. కోసిన వెంటనే ఉప్పు నీళ్లలో వేసేది ఆ గాలి తగలకుండానే. కమ్మరి కొలిమిలో ఇనుము ఎర్రగా కణకణలాడడం భౌతికం, చల్లారితే ఆ ఎరుపు పోతుంది. సుత్తి దెబ్బకు దాని మీద నుంచి రాలే నల్లటి పెచ్చులు మాత్రం ఇనుము ఆక్సిజన్‌తో కలిసి పుట్టినవి.

చల్లదనం? చేతికి శానిటైజర్ రాసుకున్నా, గ్లూకోజ్ పొడి నాలుక మీద వేసుకున్నా చల్లగా ఉంటుంది. మొదటిది ఆవిరి కావడం, రెండోది కరగడం. గడ్డకట్టడం? చలికాలంలో కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడితే భౌతికం, పాలలో నిమ్మరసం పడి విరిగితే రసాయనికం.

నాలుగో మెట్టు: ఉన్నదాన్ని గుణాలతో పరీక్షించండి

అనుమానం తేల్చేది ఈ మెట్టు. మార్పు తర్వాత మిగిలినదాన్ని తీసుకుని, మొదటి మెట్టులో రాసుకున్న గుణాలతో సరిపోల్చాలి.

రెండు తెల్లటి పొరలతో మొదలుపెట్టండి. ఒక గిన్నెలో ఉప్పునీళ్లు పెట్టి పూర్తిగా ఇగిరిపోనివ్వండి. ఇంకోటి, బోరు నీళ్లు కాచే గిన్నెలోనో గీజర్‌లోనో పేరుకున్న తెల్లటి పొర. రెండూ నీళ్లు పోయాక మిగిలిన తెలుపే. మొదటిదాన్ని నీళ్లలో వేస్తే కరుగుతుంది, ఉప్పగా ఉంటుంది, నిమ్మరసం పోస్తే బుడగలు రావు. అది ఉప్పే, కొత్తది కాదు. నౌపడ, చినగంజాం ఉప్పు మడుల్లో ఎండ చేసే పని ఇదే, లీటరు సముద్రపు నీటిలో కరిగి ఉన్న సుమారు 35 గ్రాముల లవణాల నుంచి ఉప్పును స్ఫటికంగా రాబట్టడం. రెండో పొర నీళ్లలో కరగదు, నిమ్మరసం పోస్తే సన్నగా బుడగలు వస్తాయి. అది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పదార్థం. బోరు నీళ్లలో ఉన్నది అది కాదు, నీళ్లలో కరిగే కాల్షియం బైకార్బొనేట్. కాచినప్పుడు అది విడిపోయి కరగని కొత్త పదార్థంగా మారింది. కాబట్టి ఉప్పు పొర భౌతికం, గీజర్ పొర రసాయనికం.

తర్వాత కర్పూరం. చిన్న స్టీలు గిన్నెలో ఒక బిళ్ల పెట్టి, పొయ్యి ఆర్పేసి, ఆ గిన్నెను బాగా కాగిన నీళ్లున్న పళ్లెంలో ఉంచండి. పైన చల్లని గాజు గ్లాసు బోర్లించండి. కాసేపటికి గ్లాసు లోపల తెల్లటి పలుకులు అంటుకుంటాయి. గీకి వాసన చూడండి, కర్పూరమే. ఘనం ద్రవం కాకుండానే ఆవిరై మళ్లీ ఘనమైంది, దీన్ని ఉత్పతనం అంటారు. మందిరంలో డబ్బా మూత తీసి ఉంచితే బిళ్లలు అరిగిపోయేది ఇలాగే. రెండో బిళ్లను హారతి పళ్లెంలో వెలిగించి, మంట పైన స్టీలు చెంచా పట్టండి. నల్లటి మసి పడుతుంది. దానికి కర్పూరం వాసన లేదు, తెల్లగా లేదు, వెచ్చబెడితే ఆవిరీ కాదు. ఇది కర్పూరం కాదు, కార్బన్. మిగతాది కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా గాలిలో కలిసింది.

వాయువును పట్టుకోవాలంటే సున్నపు తేట కావాలి. చిన్న గ్లాసులో తేట పోసి, స్ట్రాతో నెమ్మదిగా ఊదండి, పొరపాటున పీల్చకండి. తేట పాలలా తెల్లబడుతుంది. మీ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి కరగని కాల్షియం కార్బొనేట్ అయింది. ఇంకా ఊదుతూనే ఉంటే ఆ తెలుపు మళ్లీ విరిగి తేటగా మారుతుంది, ఈసారి పుట్టింది బోరు నీళ్లలో ఉండే ఆ బైకార్బొనేటే. ఆ నీటిని కాచండి, గీజర్ పొర మీ గ్లాసులోనే కనిపిస్తుంది.

ఇక తూకం. చాలామంది బరువు తగ్గితే రసాయనిక మార్పు అనుకుంటారు. మూతలేని గిన్నెలో నీళ్లు కాగినా బరువు తగ్గుతుంది కదా. తూకం మీకు చెప్పేది ఏదో బయటికి పోయిందనో, లోపలికి వచ్చిందనో మాత్రమే. ఆ ఏదో ఏమిటని వెతకడం మీ పని. ఇనుప పీచును నిమ్మరసంలో ముంచి, నీళ్లతో కడిగి, గాజు గ్లాసు అడుగున దిగజారకుండా కూరండి. ఆ గ్లాసును నీళ్లున్న పళ్లెంలో బోర్లించి ఒక రోజు వదిలేయండి. స్టెయిన్‌లెస్ స్టీలు పీచు అయితే తుప్పు పట్టదు, మామూలు ఇనుపదే కావాలి. పీచు తుప్పు పట్టేకొద్దీ గ్లాసులో నీళ్లు పైకి లేస్తాయి. గాలిలో సుమారు ఐదో వంతు ఉండే ఆక్సిజన్‌ను ఇనుము తీసుకుంది, ఆ జాగాలోకి నీళ్లు వచ్చాయి. ఫ్రాన్సులో లావోయిజర్ అనే శాస్త్రవేత్త 1774లో మూసిన గాజు పాత్రలో తగరాన్ని వేడిచేసి ఇదే తేల్చాడు. పాత్ర మూసి ఉన్నంతసేపు బరువులో తేడా లేదు. తెరవగానే గాలి లోపలికి దూసుకుపోయింది, బరువు అప్పుడు పెరిగింది.

ఐదో మెట్టు: తిరిగి వస్తే, ఏ దారిన వచ్చిందో చూడండి

తిరిగి రావడం అనే సూత్రాన్ని పూర్తిగా పారేయనక్కర్లేదు, సరిచేస్తే చాలు. చల్లబరచడం, వేడిచేయడం, వడగట్టడం, ఇగరబెట్టడం లాంటి పనులతో మొదటి పదార్థం చేతికి వచ్చిందా, లేక ఇంకో చర్య జరిపిస్తేనే వచ్చిందా? ఎర్రనీళ్లకు తిరిగి వెళదాం. పసుపులో రంగునిచ్చే పదార్థం కుర్కుమిన్. సున్నం దాని అణువులోంచి హైడ్రోజన్ అయాన్‌ను, అంటే విద్యుదావేశమున్న హైడ్రోజన్‌ను లాగేస్తుంది, రంగు ఎరుపవుతుంది. నిమ్మరసంలోని ఆమ్లం ఆ హైడ్రోజన్‌ను తిరిగి ఇస్తుంది, పసుపుపచ్చ వస్తుంది. కుర్కుమిన్ తిరిగి వచ్చింది నిజమే. సున్నం రాలేదు, అది ఆమ్లంతో కలిసి లవణమైపోయింది. పోయినప్పుడూ చర్యే, వచ్చినప్పుడూ చర్యే. పులుసు ఒలికిన పంచె మీద పసుపు మరక సబ్బు పెట్టగానే ఎర్రబడి, నీళ్లలో జాడించగానే పచ్చబడేది కూడా ఇందుకే.

సున్నం ఈ విషయంలో ఇంకా గొప్ప ఉదాహరణ. 100 గ్రాముల శుద్ధ సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దగ్గర కాలిస్తే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పోయి 56 గ్రాముల పొడి సున్నం మిగులుతుంది. అది నీళ్లలో పడితే సలసల కాగి తడి సున్నమవుతుంది. గోడకు వేస్తే నీరు ఆరి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయి పదార్థంగా గట్టిపడుతుంది. బయలుదేరిన చోటికే వచ్చింది. దారిలో మూడు మార్పులు, మూడూ రసాయనికమే.

ఆరో మెట్టు: గీత మీద నిలబడేవి

కొన్ని మార్పులు నిజంగానే రెండు వైపులా లాగుతాయి. ఉప్పు నీళ్లలో కరిగినప్పుడు స్ఫటికం సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది, బంధాలు తెగాయి కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న, కసురుకోకండి. నీరు నీరుగానే ఉంది, ఇగిరితే అదే ఉప్పు వస్తుంది, కొత్త పదార్థమేదీ వేరుగా తీయలేం. అందుకే దీన్ని భౌతిక మార్పుగా లెక్కేస్తారు. బియ్యం ఉడికినప్పుడు పిండిపదార్థపు రేణువులు నీరు పీల్చి ఉబ్బి విచ్చుకుంటాయి, పిండి అణువులు చాలావరకు విరగవు. అయినా బడి పాఠాల్లో వంటను రసాయనిక మార్పు కింద చెబుతారు. పరీక్షలో అలాగే రాయండి, ఇంట్లో ఈ సంగతి కూడా చెప్పుకోండి. గుడ్డు ఉడకడంలో ప్రొటీన్లు విప్పుకుని, ఒకదానికొకటి కొత్త బంధాలతో అల్లుకుని గట్టిపడతాయి, కాబట్టి అక్కడ రసాయనికం అనడానికి నాకు సందేహం లేదు.

అన్ని మెట్లూ ఒకే పనిలో: బోర్డో మిశ్రమం

నిమ్మ, ద్రాక్ష, తమలపాకు తోటలు పెట్టినవాళ్లకు ఇది తెలిసిన తెగుళ్ల మందు. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం (రాగి లవణం, కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. మెట్లన్నీ వరసగా ఎక్కుతూ దీన్ని కలిపి చూడండి.

మైలుతుత్తం నీలంగా, పలుకులుగా ఉంటుంది, నీళ్లలో కరుగుతుంది. ఇవి భౌతిక ధర్మాలు. దాని నీళ్లలో ఇనుము ముంచితే రాగి పూత పడుతుంది. అది రసాయన ధర్మం. ఇనుము కరిగి నీళ్లలోకి పోయి, నీళ్లలో ఉన్న రాగిని బయటికి నెడుతుంది. అందుకే ఈ మందును ఇనుప డ్రమ్ములో కలపరు, ప్లాస్టిక్ తొట్టిలోనో మట్టి తొట్టిలోనో కలుపుతారు.

మైలుతుత్తాన్ని 50 లీటర్లలో, సున్నాన్ని వేరే 50 లీటర్లలో కరిగించి వడగట్టండి. వడగట్టడం, మైలుతుత్తం కరగడం భౌతికం. పొడి సున్నం గడ్డలు వాడితే నీళ్లు వేడెక్కుతాయి, అది చర్య. రెండింటినీ మూడో తొట్టిలోకి ఒకేసారి పోస్తూ కర్రతో కలియబెట్టండి. తేట నీలం పోయి, ఆకాశం రంగులో మడ్డిలాంటి అవక్షేపం వస్తుంది. రంగు మారింది, మడ్డి కట్టింది, అంటే రెండు ఆనవాళ్లు దొరికాయి. ఇంకా తీర్పు చెప్పొద్దు.

మెరిసేలా తోమిన ఇనుప కత్తిని ఆ మిశ్రమంలో ఒక నిమిషం ముంచి తీయండి. కత్తి మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే చర్యకు అందని మైలుతుత్తం ఇంకా నీళ్లలో మిగిలే ఉంది, అలా చల్లితే ఆకులు మాడిపోతాయి. కాస్త సున్నపు నీళ్లు కలిపి, కత్తిని మళ్లీ తోమి ముంచండి. పూత పడకపోతే మైలుతుత్తం గుణం ఆ నీళ్లలో ఇక లేదు, ఉన్నది కొత్త పదార్థం. పసుపు కాగితం ముక్క ముంచి చూస్తే ఎర్రబడుతుంది, సున్నం సరిపడా పడిందని దానర్థం. మందును అదే రోజు చల్లేయండి, మర్నాటికి నిల్వ ఉంచకండి.